సార్డీన్లు ఇటు

ఆ శనివారం పొద్దున్న టెల్మో వేసుకున్న పథకం చాలా చిన్నది. డజను సార్డీన్ చేపలు కొనాలి. కొత్త ఇంటి గుమ్మం ముందు కుంపటి పెట్టి కాల్చాలి. ఒంటిగంటకు వచ్చే తన సెక్షన్ హెడ్ గాస్పార్‌కు వాటిని కడుపునిండా పెట్టాలి. సాయంత్రం ఆరింటికి ఇంటి యజమాని అద్దె ఒప్పందం పట్టుకొచ్చినప్పుడు, ఆ నిండు కడుపుతోనే గాస్పార్ జామీను సంతకం పెట్టాలి. ఇందులో పొరపాటు జరగడానికి సందెక్కడుందో టెల్మోకు కనబడలేదు.

టెల్మోకు ఇరవై నాలుగేళ్ళు. కొండల అవతల ఉన్న బ్రగాన్సా నుంచి లిస్బన్ వచ్చి, ఒక బీమా కంపెనీ క్లెయిముల విభాగంలో అందరికంటే కింది కుర్చీలో కూర్చున్నాడు. లిస్బన్‌లో ఆ కుర్చీకిచ్చే జీతానికీ, ఇళ్ళకడిగే అద్దెకీ ముఖపరిచయం కూడా లేదు. అందుకని అతను ఐదుగురితో కలిసి ఒక ఇంట్లో, వంటగది వెనకాల, బట్టలుతికే యంత్రం పక్కన, తెర కట్టిన మంచం మీద కాపురం ఉండేవాడు. యంత్రం బట్టలు పిండినప్పుడల్లా మంచం కూడా కదిలి వంటగది దాకా వెళ్ళేది. ఆ భాగ్యమైనా మిగల్లేదు. ఆ ఇంటిని టూరిస్టు లాడ్జీ చేస్తున్నారు, సోమవారానికల్లా అందరూ ఖాళీ చెయ్యాలి. ఈ లోపల ఇల్లు దొరక్కపోతే టెల్మో ఉద్యోగం వదులుకుని బ్రగాన్సా వెళ్ళే బస్సెక్కాల్సిందే.

అలాంటి సమయంలో లిస్బన్ పాతపేట అల్ఫామాలో ఈ ఇల్లు దొరికింది. కింది అంతస్తు, ఒక్క గది, ఇద్దరు నిలబడితే ఒకరు బయటికి రావాల్సిన వంటిల్లు, సందులోకి ఒక కిటికీ. ఆ కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ మోకాళ్ళు కనబడతాయి. ఇంట్లో వెలుతురు తక్కువ. అద్దె కూడా తక్కువే కాబట్టి వెలుతురు సంగతి టెల్మో ఎత్తలేదు.

ఇంటి యజమాని పేరు కుస్తోదియో. ఊరవతల కొత్త కాలనీలో ఉంటాడు. షరతులు వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. "పొగ ఉండకూడదు. జనం రాకూడదు. వ్యాపారం అసలే కూడదు. నాకు అలికిడి లేని మనిషి కావాలి. జామీను నిలబడేవాడి జీతం అద్దెకుండేవాడి జీతం కంటే ఎక్కువుండాలి."

"మా ఆఫీసులో నాకంటే తక్కువ జీతం ఎవరికీ లేదండీ," అన్నాడు టెల్మో, మంచి వార్త చెబుతున్నట్టు.

"ఇంకో మాట. లాడ్జీలు నడిపే మేనేజరొకడు ఈ ఇల్లు నాకిమ్మంటే నాకిమ్మని తిరుగుతున్నాడు. నీకు శనివారం ఆరింటిదాకా టైము. జామీనుదారు సంతకం పడిందా, ఇల్లు నీది. లేదా, అతనిది." అలా అని, ఇల్లు గాలి పోసుకోవడానికని తాళంచెవి మాత్రం ముందే ఇచ్చాడు. శనివారం పొద్దున్న టెల్మో ఆ తలుపు తీసి, వేసి, మళ్ళీ తీశాడు. తనొక్కడే వేసుకునే తలుపు అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిది. ఆ సంతోషం అతని ముఖం మీద ఎంత బాహాటంగా ఉందంటే, దారిన పోయే పిల్లి కూడా ఆగి చూసింది.

ఇక గాస్పార్. ఆయన ముప్పై ఏళ్ళుగా జనానికి మీ క్లెయిము చెల్లదని మర్యాదగా చెబుతున్న మనిషి. జామీను మాట ఎత్తగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఖాళీ కడుపుతో నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను టెల్మో. శనివారం ఎలాగూ పునీత అంతోని పండగ ముందు రోజు. మీ గుమ్మంలో కాల్చిన సార్డీన్లు పెట్టు, అప్పుడు చూద్దాం. కానీ అల్ఫామా సందులు నాకు తెలియవు. పోయినసారి మెట్లెక్కుతూ వెళ్ళి నది ఒడ్డున తేలాను. మూల మీద ఏదైనా గుర్తు పెట్టు."

పెద్దాయన మాట. టెల్మో చెప్పుల పెట్టె మూత చింపి, దాని మీద మొదట 'గాస్పార్ గారు ఇటు' అని రాద్దామనుకున్నాడు. సెక్షన్ హెడ్ పేరు గోడకి తగిలించడం మర్యాద కాదేమోనని అనుమానం వచ్చింది. అందుకని నల్ల సిరాతో పెద్దపెద్ద అక్షరాలతో 'సార్డీన్లు ఇటు' అని రాసి, పక్కన ఒక బాణం గీసి, మెట్ల మలుపులో దీపస్తంభానికి కట్టాడు.

అంతోని పండగ ముందు రోజు అల్ఫామాలో అలాంటి అట్ట కడితే ఏమవుతుందో లిస్బన్‌లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరు ఊరంతా ఆ సందుల్లోకి దిగుతుంది. పొగ కనబడిన చోట ఆగుతుంది, కుర్చీ కనబడిన చోట కూర్చుంటుంది, తిని డబ్బిచ్చి పక్క సందుకి పోతుంది. టెల్మో లిస్బన్‌లో పుట్టలేదు. పైగా పోయినేడు ఈ పండగకి అతను జ్వరంతో బట్టల యంత్రం పక్కన పడుకుని ఉన్నాడు.

ఎదురింటి కిటికీలో మోచేతుల కింద దిండు పెట్టుకుని దోనా జుల్మీరా అంతా చూస్తూ ఉంది. డెబ్భై దాటిన మనిషి. ఆ కిటికీలో ఆమె లేని పూట ఆ సందువాళ్ళకు ఏదో వెలితిగా ఉంటుంది.

"ఏం అబ్బాయ్, కొత్తగా దిగావా?"

"ఇంకా దిగలేదండీ. సాయంత్రం సంతకాలయ్యాక దిగుతాను."

"ఆ చేతిలో రేకేమిటి?"

"కుంపటండీ. మా సార్‌కి సార్డీన్లు కాలుద్దామని."

"దాని మీద చేపలు కాలవు, చలి కాచుకోవడానిక్కూడా చాలదది. ఫిర్మీనూ! మన మట్టికుంపటి కిందికి దించు! బల్ల కూడా!"

ఆమె భర్త ఫిర్మీను ముందు కుంపటి, వెనక బల్ల, ఆ వెనక రెండు బెంచీలు దించాడు. ఒక్క మనిషికి ఇంత బల్లెందుకని టెల్మో గొణిగాడు. "నిలబెట్టి తినిపిస్తే సంతకమేం పెడతాడు?" అంది జుల్మీరా. మాట సబబుగానే అనిపించింది. ఫిర్మీను బొగ్గులు రాజేశాడు. టెల్మో చేపల మీద కల్లుప్పు చల్లి, మొదటి వాయి కుంపటి మీద పరిచాడు. కమ్మటి పొగ లేచి, సందు దాటి, మెట్లు దిగి, అట్ట కట్టిన మలుపు దాకా వెళ్ళింది. అట్ట చెబుతున్నది నిజమేనని చూసేవాళ్ళకు రూఢి అయిపోయింది.

ముందుగా ఒక లావుపాటాయన, భార్య, అత్తగారు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. "మూడు ప్లేట్లు బాబూ. మా అత్తగారికి మాత్రం ముల్లు తీసి ఇవ్వు. కాల్చిన క్యాప్సికం ఉందా?"

ఇవి అమ్మేవి కావని చెప్పాలి. టెల్మో నోరు తెరిచాడు కూడా. కానీ కాదు అనే మాట అతని గొంతులోంచి నాలుక మీదికొచ్చేసరికి ఎప్పుడూ ఇంకోలా మారిపోయేది.

"కొంచెం ఆగండి," అన్నాడు.

క్లెయిముల విభాగంలో అతనికి ఉద్యోగం వచ్చింది ఆ గుణం చూసే. వాళ్ళు ఆగారు. ఆగినవాళ్ళకు పెట్టకుండా ఉండటం ఎలాగో తెలియక రొట్టెముక్కల మీద సార్డీన్లు పెట్టి ఇచ్చాడు. వాళ్ళు తిని, వేళ్ళు నాక్కుని, లేచి నోటొకటి చేతిలో పెట్టారు. టెల్మో కంగారుపడి వెనక్కి తోశాడు. లావుపాటాయన కళ్ళు చిన్నవి చేశాడు. "ఏం, చాలదా? అల్ఫామావాళ్ళు మరీ ముదిరిపోయారు!" అంటూ ఇంకో నోటు జతచేసి, భార్య చెయ్యి పట్టుకుని విసవిసా వెళ్ళాడు. ఇంత ధర పలికే చోట సరుకు మంచిదై ఉంటుందని వెనకున్నవాళ్ళు బిలబిలా వచ్చి బెంచీల మీద సర్దుకున్నారు.

జుల్మీరా చెప్పులు టపటపలాడించుకుంటూ దిగి వచ్చింది. "అబ్బాయ్! షాపు తెరుస్తూ ఎదురింటిదానికి ఒక్క మాట చెప్పవా?"

"షాపు కాదండీ! మా సార్ కోసం..."

"మన సందులో కుంపటి వెలిగి ఎన్నేళ్ళయిందో తెలుసా? కిందిళ్ళన్నీ టూరిస్టులకిచ్చేశారు. వాళ్ళేమో పండగపూట కిటికీలు బిగించుకుని పడుకుంటారు. చచ్చిన సందులో దీపం పెట్టావు నాయనా!" ఆమె కళ్ళు నిజంగానే చెమర్చాయి. అలాంటి కళ్ళున్న మనిషికి నిజం చెప్పడం టెల్మో తరమా? ఆమె చేతిగుడ్డతో కళ్ళు తుడుచుకుని, అదే గుడ్డ నడుముకి బిగించి, కేక పెట్టింది. "ఫిర్మీనూ! చేపలమ్మే ఆవిడ దగ్గరికెళ్ళి రెండు పెట్టెలు పట్రా! వచ్చేటప్పుడు సంగ్రియా సారా బిందె మర్చిపోకు!"

అరగంటలో రంగుకాగితాల తోరణాలు టెల్మో కిటికీ నుంచి జుల్మీరా కిటికీకి ఎగబాకాయి. అతని వంటింట్లో ఇద్దరు ముసలమ్మలు క్యాప్సికం తొక్కలు తీస్తూ కోడళ్ళను తిట్టుకుంటున్నారు. కిటికీ గట్టు మీద పండగ తులసి కుండీ వెలిసింది. ఫిర్మీను అకార్డియన్ తెచ్చుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆయనకొచ్చింది ఒక్కటే పాట. సంతోషంగా ఉంటే వేగంగా వాయిస్తాడు, దిగులుగా ఉంటే మెల్లగా వాయిస్తాడు. ఆ రోజు ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు.

టెల్మోకు అప్పటికి అట్ట గుర్తొచ్చింది. గబగబా మలుపు దాకా పరుగెత్తి, దాని మీద చెయ్యి వేశాడు.

"ఏయ్, అది పీకుతావేంటి? మావాళ్ళింకా వెనకాల వస్తున్నారు!" అని అరిచింది ఒక గుంపు.

"కొంచెం ఆగండి," అని టెల్మో చెయ్యి తీసేశాడు. తిరిగి ఇంటికి పోబోతే వరుసలో ఉన్నవాళ్ళు అడ్డుకున్నారు. "వెనక్కెళ్ళి నిలబడవయ్యా, మేం మనుషులం కాదా?" సొంత ఇంటికి వరుసలో వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఒంటిగంటకు గాస్పార్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. బాణం చూసి సంతోషించాడు. కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడనుకున్నాడు. నాలుగడుగులు వేశాక వరుస ఎదురైంది.

"నేను ఇక్కడికి అతిథిగా వచ్చాను. నన్ను పిలిచారు."

"అంతోనివారు మమ్మల్నందర్నీ పిలిచారు పెద్దాయనా, వెనక్కి పదండి," అంది ఒక గడుసుపిల్ల.

గాస్పార్ జన్మలో మొదటిసారి వరుసలో నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన వరుసకి అటు చివర కూర్చునే మనిషి. కుంపటి దగ్గరికి చేరేసరికి ఆయన కాలర్ కంటే ఆయన ముఖమే ఎక్కువ నలిగి ఉంది. "టెల్మో! ఏమిటిదంతా?"

"సార్... కొంచెం ఆగండి."

"ఆఫీసులో నేను జనానికి చెప్పే మాట నాకే చెబుతావా! వెళ్ళిపోతున్నాను. ఇంక జామీనూ లేదు, గీమీనూ లేదు!"

ఆయన వెనక్కి తిరిగేవాడే. కానీ ఆ క్షణాన జుల్మీరా కళ్ళకు కుంపటి పక్కన చేతులు ఖాళీగా ఉన్న ఒక మగమనిషి కనబడ్డాడు. అలాంటి దృశ్యం ఆమె ఎన్నడూ సహించలేదు. ఒక అట్టముక్క ఆయన చేతిలో కుక్కింది.

"చూస్తావేం? విసురు!"

"అమ్మా, నేను సెక్షన్ హెడ్‌ని."

"అయితే చేతులు లేవా? విసురు, నిప్పు చల్లారిపోతోంది!"

గాస్పార్ విసిరాడు. చిటచిటమని నిప్పురవ్వలు లేచాయి. ఇంకొంచెం గట్టిగా విసిరాడు. చేపల తొక్క బంగారు రంగు తిరిగి, నూనె బొట్టు బొగ్గు మీద పడి భగ్గుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేసిన పనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఇంటి దగ్గర అక్కగారితో ఉంటాడు. నీచువాసన గిట్టదని ఆవిడ ఇంట్లో చేప అన్న మాట కూడా పలకనివ్వదు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు.

పది నిమిషాల్లో కుంపటి ఆయన రాజ్యమైంది. అరగంటలో వరుస కూడా ఆయన చేతికిందికొచ్చింది. చేపల పొట్లాం కాగితాలు చింపి, నంబర్లేసి టోకెన్లు పంచాడు. "ఇరవై మూడు! ఇరవై మూడు లేరా? అయితే మళ్ళీ కొత్త టోకెన్ తీసుకోవాలి. లేదమ్మా, మీ ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ నిబంధన నిబంధనే." జనం ఆయన్ను తిట్టుకుంటూనే బుద్ధిగా నిలబడ్డారు. టెల్మో మధ్యలో ఒకసారి ధైర్యం చేసి, "సార్, ఆ జామీను సంగతి..." అన్నాడు.

"తర్వాత! ముందా ఉప్పందుకో!"

ఆరింటికి మెట్ల పైన కుస్తోదియో కనబడ్డాడు. చంకలో ఒప్పందం కాగితాలు. పక్కన మీగడరంగు సూటులో ఒక నాజూకు మనిషి, లాడ్జీల మేనేజరు. జామీనుదారు రాకపోతే అక్కడికక్కడే బేరం తేల్చేసుకోవచ్చని యజమాని అతన్ని వెంటబెట్టుకునే వచ్చాడు.

టెల్మో చుట్టూ చూశాడు. పొగ ఉండకూడదన్నాడు, ఆకాశం కనబడటం లేదు. జనం రాకూడదన్నాడు, సగం లిస్బన్ గుమ్మంలో ఉంది. వ్యాపారం కూడదన్నాడు, సెక్షన్ హెడ్ డెబ్భై తొమ్మిదో నంబర్ని పిలుస్తున్నాడు. ఇక అలికిడి లేని మనిషి సంగతి ఫిర్మీను చూసుకుంటున్నాడు. టెల్మో జేబులోని తాళంచెవిని పిడికిట్లో బిగించాడు. పొద్దున్న తీసి వేసి తీసిన తలుపు గుర్తొచ్చింది.

"అయిపోయింది దోనా జుల్మీరా. ఆయనే ఇంటాయన. ఇంకా సంతకం కాలేదు. ఆ రెండో ఆయన ఈ ఇంటిని లాడ్జీ చేస్తాడు. నేను ఊరెళ్ళిపోతాను."

జుల్మీరా చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది. "లాడ్జీనా? మన ఇంటినా?" అంది. పొద్దున్న అబ్బాయి ఇల్లుగా ఉన్నది ఎప్పుడు మన ఇల్లయిందో ఎవరూ గమనించలేదు. "నువ్వు చేపల సంగతి చూడు. మాటల సంగతి నాకొదిలెయ్."

ఈలోగా కుస్తోదియో జనాన్ని తోసుకుంటూ కుంపటి దాకా వచ్చాడు. "తప్పుకోండి! ఇది నా ఇల్లు!"

"టోకెన్ ఉందా?" అన్నాడు గాస్పార్ తలెత్తకుండా.

"నేను యజమానిని!"

"సంతోషం. యజమానులకు వేరే వరుస లేదు. ఇదిగో, ఎనభై ఏడు. మీతో వచ్చినాయనకి ఎనభై ఎనిమిది."

యజమాని ఎంత అరిచినా లాభం లేకపోయింది. నలుగురూ కలిసి ఆయన్ను వరుసలో నిలబెట్టేశారు. మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, సూటు మీద మసి దులుపుకుంటూ జుల్మీరాను అడిగాడు. "ఏమ్మా, ఈ గోల రోజూ ఉంటుందా?"

"ఛ, ఛ! రోజూ ఎందుకుంటుంది బాబూ? జూన్ నెలొక్కటే," అంది జుల్మీరా తీపిగా. "జూలైలో ఉత్త అకార్డియనే. మా ఆయన కిటికీ తీసుకుని సాధన చేస్తాడు. ఆగస్టులో వాళ్ళ తమ్ముడొస్తాడు. అతనిది డోలు."

"ఈయనకి ఈ ఒక్క పాటేనా వచ్చు?"

"ఒక్కటే. అందుకేగా సాధన."

మేనేజరు ఫిర్మీను వైపు చూశాడు. ఫిర్మీను నవ్వి, పాట మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మేనేజరు కుస్తోదియో చెవిలో ఏదో చెప్పి, ఎనభై ఎనిమిదో నంబరు టోకెన్ మర్యాదగా తిరిగిచ్చేసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అతని భుజం మీద ఒక సార్డీన్ తోక అతుక్కుని ఉంది.

కుస్తోదియో ముఖం కందగడ్డయింది. టెల్మో మీద విరుచుకుపడ్డాడు. "పొగ వద్దన్నానా? జనం వద్దన్నానా? వ్యాపారం వద్దన్నానా? అన్ని షరతులూ మంట్లో కలిపావు!"

టెల్మో నోరు తెరిచాడు. ఏం వస్తుందో తెలిసిన గాస్పార్ అట్ట అడ్డం పెట్టి అతన్ని ఆపాడు. "ఒక్క నిమిషం. ఒప్పందం మీద సంతకాలయ్యాయా?"

"కాలేదు."

"అయితే ఏ షరతు తప్పినట్టు? లేని ఒప్పందాన్ని ఎలా మీరతారో నాకు చూపించండి. ఇలాంటి క్లెయిములు నేను ఎన్ని తిప్పికొట్టానో మీకు తెలియదు. ఎనభై ఏడు! మీరేగా ఎనభై ఏడు? కూర్చోండి."

ఆకలి కూడా వేస్తోంది. కుస్తోదియో కూర్చున్నాడు. మొదటి సార్డీన్ కోపంగా తిన్నాడు. రెండోది మామూలుగా తిన్నాడు. మూడోదానికి రొట్టెముక్క అడుగున దిగిన నూనెను కూడా వదల్లేదు. సంగ్రియా రెండోసారి నింపించుకుని, కాలర్ బొత్తాం తీసి, "నేను పొగ అన్నది సిగరెట్ గురించిలే," అన్నాడు. ఆ ఊపులో కిటికీ గట్టు మీదున్న తులసి కుండీకి ముక్కు ఆనించబోతే, జుల్మీరా ఆయన నెత్తి మీద ఒక్కటి వేసింది. "ముక్కు పెడితే వాడిపోతుంది! చేత్తో తాకి చెయ్యి వాసన చూడు. అల్ఫామాలో ఇల్లుందట, ఇదీ తెలియదట!" కుస్తోదియో బుద్ధిగా చెయ్యి వాసన చూసుకున్నాడు. చేపల వాసనే వచ్చింది. అయినా బాగుందన్నాడు.

"ఆ కాగితాలు తియ్యండి మరి," అంది జుల్మీరా. "అబ్బాయి సంతకం, జామీనుదారు సంతకం. కానివ్వండి, నిప్పు ఆగదు."

సంతకాలు కుంపటి పక్కనే జరిగాయి. గాస్పార్ కళ్ళజోడు నిండా మసి. టెల్మో కళ్ళ నిండా నీళ్ళు, సగం పొగవల్ల, సగం సంతోషంవల్ల. కుస్తోదియో ఒక చేత్తో కాగితం పట్టుకుని, ఇంకో చేత్తో సార్డీన్ ముల్లు పట్టుకుని, దాంతోనే ఎవరెక్కడ పెట్టాలో చూపించాడు. "ఇక్కడొకరు, ఇక్కడొకరు." అకార్డియన్ పరుగులు తీస్తోంది. ఇద్దరూ పెట్టారు. సందంతా ఈలలు వేసింది. ఆ రాత్రి టెల్మో తన ఇంట్లో, తన తలుపు తను వేసుకుని, చేపల వాసనలో ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

కొన్ని వారాలకు పన్నుల ఆఫీసులో నమోదై, ఒప్పందం నకలు టెల్మో చేతికొచ్చింది. అతను అది ఆఫీసులో విప్పాడు. ఒకసారి చదివాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. తర్వాత కాళ్ళీడ్చుకుంటూ గాస్పార్ గదిలోకి వెళ్ళి, కాగితం బల్ల మీద పెట్టాడు.

అద్దెకుంటున్నది గాస్పార్. జామీను నిలబడినది టెల్మో. ముల్లు చూపించిన చోట్లు తారుమారయ్యాయి, ఆ సంతకాలను బట్టే పేర్లూ నింపేశారు.

గాస్పార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే, నేను అద్దె కట్టకపోతే?"

"నా దగ్గర వసూలు చేస్తారు సార్."

"ఇప్పుడు ఎవరు కడుతున్నారు?"

"నేనే సార్."

"కడుతూ ఉండు," అన్నాడు గాస్పార్. వెంటనే కుస్తోదియోకు ఫోను చేశాడు.

"మళ్ళీ రాయడమా?" అవతల గొంతు గదంతా వినిపించింది. "స్టాంపు పన్ను ఒకసారి కట్టాను. చచ్చినా రెండోసారి కట్టను! ఎవరు ఉంటే నాకేం? పైగా జామీనుదారు జీతం అద్దెకుండేవాడి జీతం కంటే ఎక్కువుండాలని రాసుకున్నాం, గుర్తుందా? ఇప్పుడు చూస్తే తలకిందులుగా ఉంది. నాకు షరతంటే షరతే. ఏడాది టైమిస్తున్నా, సరిచేసుకోండి. లేదంటే ఇద్దరూ ఖాళీ చెయ్యండి. అన్నట్టు, వచ్చే ఏడాది కుంపటి పెడతారుగా? నాకు టోకెన్ లేకుండా పెట్టాలి."

ఫోను పెట్టేశాక గాస్పార్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు శనివారాలు అల్ఫామా వెళ్ళడం అలవాటైపోయింది. అక్కగారికి ఆడిట్ అని చెబుతున్నాడు. జుల్మీరా ఆయనకొక సొంత విసనకర్ర కేటాయించింది. అదంతా వదులుకోవడం ఆయన వల్ల కాదు. షరతు తీరడానికి దారులు రెండే. ఒకటి, తన జీతం తగ్గించుకోవడం. దాని గురించి ఆయన నిజాయితీగా అర నిమిషం ఆలోచించాడు.

రెండో దారి ప్రకారం, టెల్మో జీతం పెంచాలని ఆ వారమే పై ఆఫీసుకు సిఫారసు వెళ్ళింది. కారణం రాయాల్సిన చోట గాస్పార్ ఒక్క అబద్ధమూ రాయలేదు: "ఈ ఉద్యోగి మీద నాకు పూర్తి నమ్మకం ఉండాల్సిన అవసరం ఏర్పడింది."